మరింటి గడిలో ముద్ర

ఆ ఏడు మే నెల పదకొండున, వంటింటి బల్ల దగ్గర నిలబడి, ఒక చేత్తో టీ పోసుకుంటూ ఇంకో చేత్తో మరింటివాళ్ల గడిలో నా ముద్ర వేశాను. అర నిమిషం కూడా పట్టలేదు. ఎర్ర సిరా ఆరేదాకా కూడా ఆగలేదు.

మా కొండపల్లెలో ఉన్నవి పదిళ్లు. టౌనాఫీసు నుంచి ఏ కబురొచ్చినా ఒక అట్ట పలకకు కాగితం బిగించి పంపుతారు. చదివినవాళ్లు తమ ఇంటి గడిలో ముద్ర వేసి, పలకను పక్కింటి గడప మీద పెట్టాలి. పది గడులూ నిండాక అది ఆ ఏటి ఊరిపెద్ద వంతు ఉన్న ఇంటికి తిరిగి వస్తుంది. ఆ ఏడు పెద్ద వంతు మాది. పదిళ్లలో ఏడిళ్ల ఇంటిపేరు ఒకటే, కురుమతాని. అందుకని మమ్మల్ని ఎవరూ ఇంటిపేరు పెట్టి పిలవరు. పైయింటివాళ్లు, వంతెనింటివాళ్లు, ఎప్పుడో నీటిమర ఉండేది కాబట్టి మరింటివాళ్లు. ముద్రల మీద మాత్రం చెక్కేది ఇంటిపేరే, ఏడిళ్లకీ అవే అక్షరాలు. అన్నీ ఒకే కొట్లో కొన్న చవకరకం. నాది మరింటి గడిలో పడితే కనిపెట్టగలిగిన మొనగాడు లేడు.

మరిల్లు మా పక్కిల్లే. మధ్యలో నడుమెత్తు తేయాకు కంచె. ఆ ఇంట్లో ఎనభై ఐదేళ్ల ఇసొనొ అత్త, ఆవిడ కొడుకు కన్‌జి ఉంటారు. కన్‌జి ఒసాకాకి లారీ తోలుతాడు. పది రోజులకొకసారి ఇంటికొస్తాడు. మా అత్తగారు తొకియె, ఇసొనొ అత్త ఒకే ఏడు ఈ పల్లెకు కోడళ్లుగా వచ్చారు. అరవై ఏళ్లపాటు రోజూ పదింటికి మా అరుగు మీద ఇద్దరూ కూర్చుని టీ తాగేవారు, ఒకర్నొకరు ఒసేయ్ అని పిలుచుకునేవారు. కరోనా జబ్బు వచ్చాక ఆ టీ ఆగిపోయింది. కంచెకి ఆవైపు ఒకరు, ఈవైపు ఒకరు నిలబడి చేతులూపుకోవడమే మిగిలింది. మాస్కుల్లోంచి అన్న మాట ఇద్దరికీ సరిగా వినపడేది కాదు.

ఆ పదకొండో తారీఖు పొద్దున పైయింటి గెన్సాకు బాబాయ్ మా వాకిట్లోకి వచ్చి, నాలుగడుగులు ఎడంగా ఆగిపోయాడు.

"మరింటి ముందు లారీ చూశావా? ఒసాకా నంబరు."

"కన్‌జిదే కదా బాబాయ్. ఎప్పుడూ వచ్చేదే."

"ఎప్పుడూ వేరు, ఇప్పుడు వేరు. ఒసాకాలో ఆస్పత్రుల్లో మంచాలు లేవంట. ఆ పలక చేతులు మారే వస్తువు. రెండు వారాలు ఆ గడప మీద పెట్టకు సవాకో. నేనన్నానని కాదు, అందరూ అనుకుంటున్నారు."

"అందరూ అంటే ఎవరు?"

"అందరూ అంటే అందరే!" అని చిరాకుపడి వెళ్లిపోయాడు.

ఆ రోజు పలకకు బిగించి ఉన్నది టీకా కాగితం. కూపన్లు అప్పటికే పోస్టులో ఇంటింటికీ వచ్చేశాయి. ఏ రోజు, ఏ బస్సు అన్నది మాత్రం ఆ కాగితంలోనే ఉంది. అరవై ఐదు దాటినవాళ్ల పేర్లు గడి పక్కన రాసి వారంలోగా పంపాలి. జూన్ ఆరున మొదటి సూది, ఇరవై ఏడున రెండోది.

మరింటిని దాటించేయాలని నిశ్చయించుకున్నాను. కానీ గడి ఖాళీగా పోతే వెనక ఇళ్లవాళ్లందరూ చూస్తారు. మరింటిని తప్పించామని చాటింపు వేసినట్టే అవుతుంది. వాళ్ల పరువు కాపాడదామనుకున్నాను, నా మొహం! అందుకే ముద్ర వేశాను. పేరు రాసే చోట మాత్రం చెయ్యి ఆగింది. అడక్కుండా ఎలా రాస్తాం? కంచె దగ్గరికెళ్లి నోటితో చెబుదాం, తర్వాత టౌనాఫీసుకి ఫోన్ చేసి రాయిద్దాం అనుకుని, పలక తీసుకెళ్లి మరింటి అవతల వంతెనింటి గడప మీద పెట్టొచ్చాను.

సాయంత్రం కంచెదాకా వెళ్లాను. అరుగు మీద కన్‌జి సిగరెట్టు పట్టుకుని విరగబడి దగ్గుతున్నాడు. అది పొగ దగ్గో, ఆ దగ్గో. నా కాళ్లు వాటంతటవే వెనక్కి తిరిగాయి. మర్నాటి నుంచి నాట్లు నెత్తిమీద పడ్డాయి. నాలుగు రోజులు నడుం ఎత్తలేదు. ఆ తర్వాత, కూపను వచ్చింది కదా, కన్‌జి కనుక్కునే ఉంటాడులే అనుకున్నాను. ఆ 'ఉంటాడులే'తో నెల గడిచిపోయింది.

జూన్ ఆరున సహకార గిడ్డంగి ముందు బస్సు ఆగింది. నేల మీద ఆరేసి అడుగులకొకటి ఎర్ర టేపుతో గుర్తులు వేశాను. పల్లెలోని ముసలివాళ్లంతా ఇస్త్రీ బట్టలేసుకుని ఎవరి గుర్తు మీద వాళ్లు బుద్ధిగా నిలబడ్డారు. అత్తయ్య మాటిమాటికీ వెనక్కి చూస్తోంది.

"ఇసొనొ ఏదమ్మాయ్? దాని గుర్తు ఖాళీగా ఉందే?"

"వస్తుందిలెండి అత్తయ్యా. ఎక్కండి ముందు."

బస్సు కదిలింది. మలుపు దగ్గర పొలం గట్టు మీద కలుపు తీస్తున్న ఇసొనొ అత్త నడుం నిలబెట్టి, తలమీది గడ్డి టోపీ తీసి బస్సుకేసి ఊపింది. అద్దం వెనక నుంచి అత్తయ్య కూడా చెయ్యూపింది, వెర్రిదానిలా చూస్తూ. 

మధ్యాహ్నం ఇసొనొ అత్తే కంచె దగ్గరికి వచ్చింది. అలవాటైపోయిన దూరంలో ఆగింది.

"ఏమ్మా సవాకో, బస్సు ఎక్కడికి వెళ్లింది? అందరూ పెళ్లికి వెళ్లినట్టు ముస్తాబయ్యారు!"

"టీకాలకి అత్తా."

"ఓహో. మా ఇంటికి కబురు రాలేదే?"

అప్పుడైనా చెప్పొచ్చు. నోరు తెరిచాను. అందులోంచి వచ్చిన మాట ఇది: "పలకలో వచ్చింది కదా అత్తా."

ఆవిడ కాసేపు కంచె ఆకులు తుంచుతూ నిలబడింది.

"అలాగా. అయితే నేనే చూసుకోలేదేమో," అంది.

మర్నాడు మళ్లీ వచ్చింది. రాత్రంతా నిద్రపోని మొహం.

"టౌనాఫీసుకి ఫోన్ చేశానమ్మా. పలక మా ఇంటికొచ్చిందట. ముద్ర కూడా ఉందట. పేరు రాయలేదు కాబట్టి వద్దనుకున్నానని అనుకున్నారట. ముద్ర వేశానంటే చదివే ఉంటాను కదా? ఒక్క ముక్క గుర్తులేదు సవాకో. పలక పట్టుకున్నట్టే గుర్తులేదు." గొంతు తగ్గించింది. "మా అమ్మకి కూడా ఇలాగే మొదలైంది. చివరికి నన్నే ఎవరమ్మా నువ్వు అని అడిగేది."

"పోనీండి అత్తా. మరిచిపోని వాళ్లెవరు?" అన్నాను. ఆ మాట అన్న నాలుకను ఇప్పటికీ కోసుకోవాలనిపిస్తుంది.

ఆ రోజు నుంచి నాకు ఒకటే పని, టౌనాఫీసు టీకాల లైనుకి ఫోన్. రోజుకి ముప్పైసార్లు, నలభైసార్లు. ఎప్పుడూ లైను ఖాళీ లేదనే. వేలు వాచింది. మా ఆయన "నీకు వేళ కాలేదు కదా, ఎవరికోసం ఈ గోల?" అంటే కసురుకున్నాను. ఎనిమిదో రోజున దొరికాడు అక్కడ పనిచేసే అబ్బాయి. ఆగస్టు ఇరవై రెండు దాకా ఖాళీ లేదన్నాడు. ఆగస్టు ఇరవై రెండు! టీవీలోనేమో కొత్తరకం జబ్బు రాజధానిలో ఇళ్లకిళ్లు ఊడ్చేస్తోంది.

"బాబ్బాబు, ఎనభై ఐదేళ్ల మనిషి. ఎలాగైనా ముందుకి జరపండి."

"అందరూ అలాగే అడుగుతున్నారమ్మా. వాళ్లు వద్దన్నట్టు ముద్ర ఉంది మా దగ్గర. మిగిలిపోయిన డోసుల జాబితాలో రాస్తాను, అంతే."

ఆ ముద్ర నాది అని చెబితే జరిపేవాడేమో. మాట నాలుక చివరిదాకా వచ్చింది. పెద్ద వంతులో ఉండి ఇంకొకరి గడిలో ముద్ర వేసిందని పదిళ్లకీ తెలుస్తుంది, మా ఆయన మొహం ఎత్తుకు తిరగలేడు, అత్తయ్య... ఇవన్నీ ఆ రెండు క్షణాల్లోనే లెక్కకట్టాను. "సరే, జాబితాలోనే రాయండి," అన్నాను.

జూన్ ఇరవై ఏడున అత్తయ్య బస్సులో, ఇసొనొ అత్త నా కారు వెనక సీటులో, మూసేసిన బడి ఆటల హాలుకి వెళ్లారు. ఎవరైనా రాకపోతే ఆ సూది జాబితాలోవాళ్లకి వేస్తారు. నాలుగు అద్దాలూ దించుకుని వాన చినుకుల్లో ఒంటిగంట నుంచి కూర్చున్నాం. ఆవిడ చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుంటోంది.

"ఏం రాస్తున్నారత్తా?"

"ఎక్కడికొచ్చామో, ఎందుకొచ్చామో రాసుకుంటున్నా. మళ్లీ రేపు కన్‌జి అడిగితే చెప్పలేకపోతే నవ్విపోతాడు."

నేను ముందుకి తిరిగి కూర్చున్నాను. అద్దం తుడిచే పుల్లలు వెయ్యక్కర్లేకపోయినా వేశాను.

నాలుగింటికి ఒకతను పరుగున వచ్చాడు. మూడు మిగిలాయట. ఆవిడది జాబితాలో ఎనిమిదో పేరు. "క్షమించండమ్మా," అని నడుం వంచాడు. ఈవిడ సీట్లోనే అంతకంటే కిందికి వంగింది. "మీరు పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నారు, పాపం. వెళ్లి కూర్చోండి నాయనా," అంది.

తిరుగుదారిలో వంతెన దాటాక, "నా చేత్తో నేను వేసుకున్న ముద్ర. ఇంకెవర్నని ఏం లాభం," అంది, తనలో తాను అనుకున్నట్టుగా. మా ఇళ్లకి ఇంకా రెండు మలుపులు ఉన్నాయి. రెండు మలుపులంటే చెప్పడానికి కావలసినంత దారి. నేను కారు నడిపాను, అంతే.

జూలైలో ఒకసారి వంకాయలు ఇవ్వడానికి మరింటి గుమ్మందాకా వెళ్లాను. లోపల గోడలనిండా కాగితాలు. గ్యాసు ఆపు. పెరటి తలుపు గడియ పెట్టావా? కన్‌జి మంగళవారం వస్తాడు. సొరుగు మీద పెద్ద అక్షరాలతో: ముద్ర ఇందులో ఉంది, వేసేముందు మూడుసార్లు చదువు. వంకాయలు గుమ్మంలో పెట్టి పిలవకుండానే వచ్చేశాను. కంచె దాటాక ఏడుపొచ్చింది. ఏడ్చి మొహం కడుక్కుని వంట చేశాను.

జూలై చివరికి పల్లె మొహం మారిపోయింది. రెండు సూదులూ పడి నెలైంది. జెయిలు నుంచి వదిలినట్టు ముసలాళ్లంతా బయటపడ్డారు. ఒకరోజు పదింటికి అత్తయ్య తానే అరుగు తుడిచి, టీ పెట్టి, కంచె మీదుగా కేకేసింది.

"ఒసేయ్ ఇసొనొ! చచ్చావా, బతికున్నావా? రావే!"

ఇసొనొ అత్త కొత్త కోడలిలా పరుగెత్తుకొచ్చింది. చేతిలో ఊరబెట్టిన వంకాయల గిన్నె. మే నెల నుంచి మరింటి గడప బయటివాళ్లెవరూ తొక్కలేదు. పిలుపు కోసం ఎంత మొహం వాచి ఉందో ఆ నడకలోనే తెలిసింది. గెన్సాకు బాబాయ్ కూడా వచ్చి కూర్చున్నాడు. మూడు రోజుల క్రితమే నగరంలో ఎవరిదో విందుకి వెళ్లొచ్చాడు. మాస్కు గడ్డం కిందికి లాగి, చిన్నగా దగ్గి, గట్టిగా నవ్వాడు.

"ఇక మనకేం భయం! ఉక్కు మనుషులం అయ్యాం."

"నువ్వు పుట్టడమే తుప్పు పట్టి పుట్టావు," అంది అత్తయ్య. అందరూ నవ్వారు. అత్తయ్య ఇసొనొ అత్త మోచెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "ఆ రోజు పొలంలో ఉండిపోయావేమే? తర్వాతైనా వేయించుకున్నావా?"

ఇసొనొ అత్త నాకేసి చూసింది. చెప్పకమ్మా అని అడిగినట్టుంది ఆ చూపు. మరిచిపోయానని బయటపడితే మతి చెడిందంటారు, ముసలివాళ్ల ఆశ్రమంలో పెట్టమని కన్‌జిని సతాయిస్తారు. అది నాకు తెలుసు. ఎందుకు తెలుసో కూడా నాకు తెలుసు.

"ఆఁ, అయిపోయింది," అంది ఆవిడ.

టీకుండ నా చేతిలో ఉంది. ఆవిడకి ఇంకా పడలేదు, ఎడంగా కూర్చోండి అనాలి. అంటే, ఎందుకు పడలేదు అంటారు. నేను వంగి గెన్సాకు బాబాయ్ కప్పులో టీ పోశాను. గంటన్నరపాటు మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని ఒకే గిన్నెలో వంకాయలు తిన్నారు.

మూడో రోజున గెన్సాకు బాబాయ్‌కి జ్వరం. ఐదో రోజున అత్తయ్యకి ఒళ్లు వెచ్చబడింది. మేడ మీద గదిలో పడుకోబెట్టాం. మూడు రోజులు జావ తాగి నాలుగో రోజున, ఉప్పు తక్కువైందని తిట్టింది. టీకా పనిచేస్తోందని డాక్టరు అన్నాడు. ఇసొనొ అత్తకి ఎనిమిదో రోజున వచ్చింది.

తొమ్మిదో రోజు పొద్దున ఆరోగ్య కేంద్రం బండి మరింటి ముందు ఆగింది. తెల్ల తొడుగుల్లో ఇద్దరు ఆవిడను చక్రాల కుర్చీలో బయటికి తెచ్చారు. ముక్కుకి గొట్టం. అప్పుడే లారీ దిగిన కన్‌జిని గేటు బయటే ఆపేశారు. నేను కంచె ఇవతల. మా మేడ మీద కిటికీ తెరుచుకున్న చప్పుడైంది.

నన్ను చూసి ఆవిడ చెయ్యెత్తింది. ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటోంది.

"సవాకో... పొయ్యి ఆపానో లేదో... చూడమ్మా. కాగితం ఉంది గానీ... కాగితం చూశానో లేదో..."

ఇక నావల్ల కాలేదు.

"అత్తా! ఆ ముద్ర మీరు వెయ్యలేదు. నేను వేశాను. పలక మీ ఇంటికి రానేలేదు. నేనే దాటించాను. మీరేం మరిచిపోలేదు అత్తా."

అంత పెద్దగా అరిచానని తర్వాత మా ఆయన చెప్పాడు. కుర్చీ ఆగిపోయింది. తిడుతుందని చూశాను. తిడితే బాగుండునని చూశాను.

"నేను మరిచిపోలేదా?"

"లేదత్తా."

"పలక... రాలేదా?"

"రాలేదు."

ఆవిడ తల తిప్పి కుర్చీ తోసే మనిషిని చూసింది. మాస్కు మీద కళ్లు నవ్వాయి. "విన్నావా బాబూ," అంది. "నేను మరిచిపోలేదంట."

బండి తలుపు వేశారు. మేడ మీద కిటికీ మూసుకుంది.

పన్నెండో రోజున ఇసొనొ అత్త పోయింది. ఆస్పత్రిలోకి ఎవర్నీ రానివ్వలేదు. చనిపోయినవాళ్లు ఇళ్లకు వచ్చే పండగ ఆఖరి రోజున, పల్లెలో అందరూ వాకిళ్లలో సాగనంపే మంటలు వేస్తుంటే, కన్‌జి తెల్లగుడ్డ చుట్టిన అస్థికల పెట్టె ఒళ్లో పెట్టుకుని టాక్సీలో వచ్చాడు. నేను కంచె దగ్గర తల వంచుకుని నిలబడ్డాను. కొడితే కొట్టనీ అనుకున్నాను. చాలాసేపటికి అతని బూట్లు కంచె అవతల ఆగాయి.

"ఆస్పత్రి నుంచి అమ్మ ఒక్కసారి ఫోన్ చేసింది," అన్నాడు. "ఎక్కువ మాట్లాడలేకపోయింది. గోడల మీద కాగితాలన్నీ పీకెయ్యరా, ఇక అక్కర్లేదు అంది. పీకేశాను. గోడంతా మరకలు పడ్డాయి."

అంతే అన్నాడు. లోపలికి వెళ్లిపోయాడు.

అత్తయ్య పదింటికి తన టీ తానే పెట్టుకుని అరుగు మీద కూర్చుంటుంది. రెండో కప్పు కూడా పెడుతుంది, అది నాకు కాదు. ఉప్పు తక్కువైనా తిట్టడం మానేసింది. ఇంట్లో మనుషులం ముగ్గురం ఆరేసి అడుగుల గుర్తుల మీద నిలబడ్డట్టు తిరుగుతున్నాం. పెద్ద వంతు దిగిపోతానని ఊరి మీటింగులో లేచి, చేసిందంతా చెప్పాను. గెన్సాకు బాబాయ్ నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. 'అందరూ' అక్కడే ఉన్నారు. 

పలక ఇప్పటికీ తిరుగుతుంది. మా ఇంటికి రాగానే అత్తయ్య నా చేతిలోంచి తీసుకుని, మోకాళ్లు పట్టుకుంటూ మెల్లగా వెళ్లి, మరింటి గడప మీద పెట్టొస్తుంది. కన్‌జి ఉండడు. లారీ వచ్చేదాకా, వారమో పది రోజులో, పలక అక్కడే పడి ఉంటుంది. వెనక ఇళ్లకి ఆరోగ్య పరీక్షలు, కాలవ పనులు, అన్ని కబుర్లూ ఆలస్యంగానే చేరతాయి. వాన పడితే ఎవరో ఒకరు వెళ్లి దానిమీద గోతం కప్పి వస్తారు. కన్‌జి వచ్చి ముద్ర వేసేదాకా, ఆ గడప మీది నుంచి దాన్ని ఎవరూ తియ్యరు.